వెనక వసారాలో జెల్లీ

నార్డ్‌బీ, మిన్నెసోటా
1976 ఏప్రిల్ 22

థోరా వదినకు,

ఇక్కడ మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. నువ్వు అరిజోనా ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటావని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, అందుకని తలుచుకోవడం మానేశాను.

అసలు సంగతి చెబుతాను. దేశానికి రెండొందల ఏళ్ళు నిండుతున్నాయని ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది. వీధి మూలల్లో నిప్పార్పే కుళాయిలు ఉంటాయి చూడు, వాటికి కూడా ఎరుపు, తెలుపు, నీలం రంగులు పూశారు. మొన్న చర్చి ఆడవాళ్ళ సంఘంలో మావిస్ లేచి, "జూలై నాలుగు విందులో థోరా జెల్లీ లేకపోతే ఎట్లా?" అంది. అందరూ నా వంక చూశారు. థోరా తమ్ముణ్ణి కట్టుకున్న పాపానికి థోరా జెల్లీ కూడా నా నెత్తినే పడాలన్నమాట. నేను "చూద్దాం" అన్నాను. మన ఊళ్ళో "చూద్దాం" అంటే "సరే" అనే కదా, మావిస్ వెంటనే నా పేరు రాసేసుకుంది.

నువ్వు చేస్తున్నప్పుడు వంటింట్లోకి ఎవరినీ అడుగు పెట్టనిచ్చేదానివి కాదు. మూడు రంగులు మూడు పొరలుగా ఒకదాని మీద ఒకటి కదలకుండా ఎలా నిలబడతాయో ఇన్నేళ్ళుగా తినడమే గానీ నాకు తెలియదు. ఈసారి చుట్టుపక్కల ఊళ్ళతో సహా కౌంటీ మొత్తం వస్తుందట, ఒక ట్రే చాలదు. పద్ధతి వివరంగా రాయి. ఇప్పటికే చాలా అలిసిపోయి ఉన్నాను, నన్ను ప్రయోగాలు చెయ్యనివ్వకు.

నీ తమ్ముడు హాల్వర్ బాగానే ఉన్నాడు. చలికాలం జలుబు కాస్త లాగింది, అంతే. పాల లారీ నడపడం మానేసినా చీకటితో లేచే అలవాటు పోలేదు. అతను లేస్తే నాకూ నిద్ర ఉండదు. ఇంతకుమించి విశేషాలేమీ లేవు.

నీ మరదలు,
ఆర్డిస్


మీసా, అరిజోనా
మే 3

ఆర్డిస్‌కు,

నువ్వు అలిసిపోవడం ఏమిటి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదానివి! సరే, కాగితం దగ్గర పెట్టుకుని చదువు.

అడుగున ఎరుపు. స్ట్రాబెర్రీ జెల్లీ పొడి వేడినీళ్ళలో పూర్తిగా కరిగేదాకా కలుపు. అడుగున ఇసకలాగా తగులుతోందంటే నీకు ఓపిక లేదని అర్థం. మంచి స్ట్రాబెర్రీలు సగానికి కోసి పరిచి, పైన పొయ్యి. ఫ్రిజ్‌లో పెట్టి, వేలితో తడితే వేలికి అంటనంత గట్టిపడేదాకా ఆగు. ఆగు అంటే ఆగు. ఆగలేకే ఆడవాళ్ళంతా పాడుచేస్తారు. దాని మీద వేడిది పోశావా, కింద పొర కరిగిపోయి జెండా కాస్తా బురదవుతుంది.

మధ్యలో తెలుపు. క్రీమ్ చీజ్ మెత్తగా చిలికి, నిమ్మ జెల్లీ కొంచెం, డబ్బా అనాసపండు ముక్కలు. డబ్బాది మాత్రమే. మావిస్ గొప్పకి పోయి పచ్చి అనాస తెచ్చిస్తానంటుంది, వద్దను. పచ్చిది వేస్తే క్రిస్మస్ వచ్చినా గడ్డకట్టదు.

పైన నీలం. మనిషిని చంద్రుడి మీదకి పంపారు గానీ నీలం జెల్లీ పొడి చేసి అమ్మేవాడు మాత్రం ఈ దేశంలో ఒక్కడూ లేడు. బ్లూబెర్రీలు కడిగి, బట్ట మీద ఆరబెట్టి, పూర్తిగా పొడిగా అయ్యాక తెల్లపొర మీద ఒత్తుగా పేర్చు. తడి ఉంటే రంగు దిగి తెలుపంతా కమిలినట్టు అవుతుంది. పైన నిమ్మ జెల్లీ చల్లార్చి పల్చగా పొయ్యి. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఉన్నదల్లా ఓపికే.

అది సరే, మావిస్ అత్తగారిని కౌంటీ వృద్ధాశ్రమంలో పెట్టిందట కదా! నాకు ఇక్కడిదాకా కబురొచ్చింది. సిగ్గులేకపోతే సరి. మా నాన్న మంచం పట్టినప్పుడు అమ్మ పక్క మార్చీ, తినిపించీ చివరిదాకా ఇంట్లోనే చూసుకుంది. మా ఇంట్లో ఎవరూ ఆ ఆశ్రమం గడప తొక్కలేదు, తొక్కరు కూడా.

నీ ఉత్తరాల అడుగున హాల్వర్ ఎప్పుడూ ఒక ముక్క గిలుకుతాడు. ఎంత వాన పడిందో, ఏ చేప పడిందో. ఈసారి లేదేం? ఆ బద్ధకస్తుణ్ణి రాయమను. ఫోన్ చెయ్యడం నాకిష్టం లేదు. మన ఇళ్ళలో దూరం నుంచి ఫోన్ మోగిందంటే చావు కబురే కదా.

థోరా


నార్డ్‌బీ
జూన్ 6

థోరా వదినకు,

ఒక చిన్న ట్రేలో చేసి చూశాను. ఎరుపు కుదిరింది. తెలుపు కొంచెం ఒక పక్కకి వాలింది, మన ఫ్రిజ్ కింద నేల వాలుగా ఉంటుంది కదా. నీలం నువ్వు చెప్పినట్టే. తిన్నవాళ్ళు బాగుందన్నారు. మనవాళ్ళు ఉప్పు రాయి పెట్టినా బాగుందనే అంటారు కాబట్టి అందులో నిజమెంతో నాకు తెలియదు.

ఎరుపు గడ్డకట్టేదాకా కుర్చీలో కూర్చున్నాను. ఏమీ చెయ్యకుండా అంతసేపు కూర్చుని చాలా రోజులైంది. ఇదే నా జీవితానికి మిగిలిన సెలవేమో అనిపించింది. నవ్వకు.

హాల్వర్‌కి మణికట్టు నొప్పి. పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది, అందుకే రాయలేదు. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు.

తలుపులకి పైన ఎత్తులో గొళ్ళాలు పెట్టించాను. ఈ మధ్య దొంగల భయం. తోటలో ఉల్లి మొలకలు బాగా వచ్చాయి.

ఆర్డిస్


మీసా
జూన్ 15

ఆర్డిస్‌కు,

నార్డ్‌బీలో దొంగలా! ఆ ఊళ్ళో ఇంటి తాళంచెవి ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? మీ ఇంటికి దొంగ వస్తే నువ్వే కాఫీ పెట్టి కూర్చోబెడతావు.

నేను పిచ్చిదాన్ని కాను. నువ్వేదో దాస్తున్నావు. నీకే ఒంట్లో బాగాలేదా? ఆపరేషన్ లాంటిదేమన్నా ఉందా? లేక మీరిద్దరూ పోట్లాడుకున్నారా? హాల్వర్ మొండివాడు, నాకు తెలుసు. వాడు మాట్లాడకుండా కూర్చుంటే గోడకే విసుగొస్తుంది. అదే అయితే చెప్పు, నాలుగు చివాట్లు పెట్టి ఉత్తరం రాస్తాను.

ఇక్కడ మా ట్రెయిలర్ ఇళ్ళ కాలనీలో కూడా జూలై నాలుగు సంబరాలున్నాయి. ఎవరో ఒకావిడ దుకాణంలో కొన్న క్రీము పూసి జెండా చేస్తుందట. నేను నోరు మెదపలేదు. నేర్చుకుంటున్నాను.

నిజం రాయి.

థోరా


నార్డ్‌బీ
జూలై 5

థోరా వదినకు,

నిజం రాయమన్నావు. రాస్తున్నాను. కూర్చుని చదువు.

మొన్న మూడో తారీఖు మధ్యాహ్నానికి నాలుగు ట్రేలూ పూర్తయ్యాయి. నాలుగూ నీవి చూసినట్టే ఉన్నాయి, ఒక్క బెర్రీ కూడా పక్కకి జరగలేదు. ఫ్రిజ్‌లో మిగతావన్నీ తీసేసి, అరలు సర్ది, ఒకదాని కింద ఒకటి పెట్టాను. ముందు రాత్రి నిద్ర లేదు. ఆ ముందు రాత్రీ లేదు. హాల్వర్ కుర్చీలో కునుకుతుంటే నేనూ బల్ల మీద తల ఆనించాను. అంతే, ఒళ్ళు తెలియలేదు.

లేచేసరికి కుర్చీ ఖాళీ. ముందు తలుపు గొళ్ళెం వేసే ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల అరలన్నీ ఖాళీ. వెనక తలుపుకి గొళ్ళెం వెయ్యడం మర్చిపోయాను.

వెనక వసారా మెట్ల మీద నాలుగు ట్రేలూ వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మీద గిన్నెలు తుడిచే బట్టలు కప్పి, ఎగిరిపోకుండా అంచుల్లో రాళ్ళు పెట్టాడు. పక్కనే హాల్వర్ నిలబడి ఉన్నాడు. ఉన్ని కోటు, చెవుల టోపీ, చేతులకి తొడుగులు. ఒళ్ళు మాడిపోయే ఎండ, వదినా! ముఖమంతా చెమటలు కారిపోతున్నాయి.

"ఏం చేస్తున్నావ్ హాల్వర్?" అన్నాను.

"ష్, గట్టిగా మాట్లాడకు. కుక్క వచ్చేస్తుంది," అన్నాడు. "ఇంకో గంట ఆగితే గడ్డకడుతుంది. ఇవాళ భలే చలిగా ఉందిలే, మంచు బాగా పట్టింది."

బట్ట ఎత్తి చూశాను. ఎరుపు లేదు, తెలుపు లేదు. వంగపువ్వు రంగు పాలలో బ్లూబెర్రీలూ స్ట్రాబెర్రీలూ తేలుతున్నాయి. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. "ఇంక నావల్ల కాదు" అని పైకే అన్నాను. అతను నా భుజం తట్టి, "నువ్వు లోపలికి వెళ్ళి వెచ్చగా కూర్చో, నేను కాపలా ఉంటాను," అన్నాడు.

రెండేళ్ళుగా ఇలా ఉంది. మొదట మాటలు పోయాయి, తరవాత దారులు పోయాయి. పాల లారీ అతను మానెయ్యలేదు, వాళ్ళే మానిపించారు. రోజూ వెళ్ళే ఊరికి దారి తప్పి పక్క కౌంటీలో తేలాడు. మెదడులో రక్తనాళాలు గట్టిపడ్డాయని, వయసుతో వచ్చేదని, చేసేదేమీ లేదని డాక్టరు అన్నాడు. గొళ్ళాలు దొంగల కోసం కాదు. మణికట్టు బాగానే ఉంది, రాయడమే మర్చిపోయాడు.

ఆ నాలుగు ట్రేలూ మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారేసరికి గట్టిగానే గడ్డకట్టాయి. మొత్తం ఒకే ముద్ద, ఒకే రంగు. కొత్తగా చెయ్యడానికి పళ్ళూ లేవు, ఒంట్లో ఓపికా లేదు. అలాగే పట్టుకెళ్ళాను.

పార్కులో బల్ల మీద పెట్టాను. మావిస్ చూసింది. "భలే రంగే," అంది. ఇంకొకావిడ, "చల్లగా ఉంటుంది ఈ ఎండకి," అంది. వరసలో వచ్చినవాళ్ళంతా తలా ఒక గరిటె వేసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. పాస్టరు రెండోసారి వేసుకున్నాడు, పాపం. అప్పుడు హాల్వర్ నా పక్కన నిలబడి, అందరికీ వినపడేలా గర్వంగా, "వసారాలో కాపలా కాసింది నేనే. ఒక్క కుక్కనైనా రానివ్వలేదు," అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తమ పళ్ళేల్లోకి చూసుకున్నారు. మావిస్ ఒక్కతే, "మంచి పని చేశావు హాల్వర్," అంది. ట్రేలన్నీ అడుగు కనపడేదాకా ఖాళీ చేశారు.

ఇదీ సంగతి.

ఆర్డిస్


మీసా
జూలై 12

ఆర్డిస్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, చింపేద్దామనుకుని, దాచాను.

రెండేళ్ళు! నా తమ్ముడి సంగతి నాకు చెప్పడానికి నీకు రెండేళ్ళు పట్టిందా? ఊళ్ళో పాస్టరుకి తెలిసింది, మావిస్‌కి తెలిసింది, పక్కింటి కుక్కకి కూడా తెలిసింది. తోడబుట్టినదానికి మాత్రం ఉల్లి మొలకల కబుర్లు రాశావు. మణికట్టు నొప్పట! అది చదివి నేను నొప్పికి రాసుకునే మందు కొని పార్సెల్ కట్టి పెట్టాను. నీమీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

నీకు తెలియని ముక్క ఒకటి చెబుతాను. మా చిన్నప్పుడు ఇంట్లో ఫ్రిజ్ లేదు. జెల్లీ అంటే క్రిస్మస్‌కే. అమ్మ కలిపి, వెనక వసారాలో మంచు మీద పెట్టేది. మా ముసలి కుక్క వచ్చి నాకెయ్యకుండా హాల్వర్‌ని కోటూ టోపీ వేసి అక్కడ నిలబెట్టేది. వాడికి ఏడేళ్ళు. చలికి ముక్కు కారుతున్నా కదిలేవాడు కాదు. గడ్డకట్టాక మొదటి ముక్క వాడికే. నేను ఈర్ష్యతో చచ్చేదాన్ని.

వాడు అక్కడికి వెళ్ళిపోయాడన్నమాట. నేను ఇక్కడ కూర్చుని ఉత్తరాల అడుగున వాడి గీతలు లేవని సాధిస్తున్నాను.

కానీ ఒక్కటి చెబుతున్నాను, బాగా విను. వాణ్ణి ఆశ్రమంలో పెట్టే ఆలోచన మాత్రం చెయ్యకు. నీ ఉత్తరంలో ఆ మాట లేదు గానీ, "ఇంక నావల్ల కాదు" అన్న చోట నాకు అదే వినపడింది. అమ్మ చెయ్యగా లేనిది నువ్వెందుకు చెయ్యలేవు? అందరి ఇళ్ళలోనూ ముసలివాళ్ళు మర్చిపోతూనే ఉంటారు. ఓపిక పట్టు.

థోరా


నార్డ్‌బీ
జూలై 27

థోరా వదినకు,

ఓపిక పట్టమన్నావు. జెల్లీకి కూడా ఇదే చెప్పావు. జెల్లీ ఆగితే గడ్డకడుతుంది. ఇది ఆగినకొద్దీ కరుగుతోంది.

విందు అయిన మర్నాటి నుంచి మా ఇంటి గడపలోకి గిన్నెలు రావడం మొదలైంది. నూడుల్సూ మాంసమూ కలిపి ఓవెన్‌లో పెట్టినవి, బంగాళాదుంపలవి, చికెన్‌వి. అన్నిటి అడుగునా టేపు మీద ఇంటావిడ పేరు. నీకు తెలుసు కదా, మన ఊళ్ళో ఇలా గిన్నెలు ఎప్పుడు వస్తాయో. బిడ్డ పుట్టినప్పుడు, మనిషి పోయినప్పుడు. మూడో రోజు మావిస్ గిన్నె పట్టుకుని వచ్చేసరికి నాకు తల తిరిగిపోయింది.

"ఎవరు చచ్చారని తెస్తున్నారు ఇవన్నీ? హాల్వర్ లోపల బతికే ఉన్నాడు, కావాలంటే చూసి పో!" అని గడప మీదే అరిచాను. నేను, వదినా! నలభై ఏళ్ళలో ఆ సంఘంలో గొంతు పెంచని మనిషిని.

మావిస్ కదల్లేదు. "ఎవరో ఒకరు చచ్చేదాకా ఆగాలా ఏంటి?" అంది. "కిందటి శీతాకాలం నుంచి చూస్తూనే ఉన్నాం ఆర్డిస్. నువ్వు చెప్తావని ఎదురుచూశాం. నువ్వు చెప్పవు, మేం అడగం. మన బతుకులింతే. ముందు ఇది పట్టుకో, చెయ్యి కాలుతోంది."

గిన్నె పట్టుకున్నాను. లోపలికి రమ్మన్నాను. కాఫీ పెట్టాను. అత్తగారి గురించి అడిగాను. మావిస్ కప్పు కింద పెట్టి, "మొదటి నెల చర్చిలో ఎవరి ముఖమూ చూడలేకపోయాను," అంది. "ఇప్పుడు ఆదివారం వెళ్ళి కూర్చుని ఆవిడ తల దువ్వుతాను. ఇంట్లో ఉన్నప్పుడు దువ్వెన విసిరికొట్టేదాన్ని."

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. అమ్మ చెయ్యలేదా అని అడిగావు. మీ నాన్న మంచం మీద ఉన్నాడు. నీ తమ్ముడు మంచం మీద లేడు. రోజంతా నడుస్తాడు. రాత్రంతా నడుస్తాడు. గొళ్ళెం తియ్యమని తలుపు బాదుతాడు, పాలు పులిసిపోతాయి, నన్ను వెళ్ళనివ్వు అంటాడు. మీ అమ్మకి ఇంట్లో ఇద్దరు పిల్లలు తోడున్నారు. నాకెవరున్నారు? పిల్లలు లేని దాన్ని, నీకు తెలియనిదేముంది.

నువ్వు సరే అనకుండా నేను అతన్ని ఎక్కడా పెట్టను. రేపు నా ముఖం మీద "నా తమ్ముణ్ణి వదిలించుకున్నావు" అని నువ్వు ఒక్క మాట అంటే నేను మిగిలిన బతుకు బతకలేను. అందుకని నీకే వదిలేస్తున్నాను. కానీ అక్కడ కూర్చుని చెప్పకు. వచ్చి చూసి చెప్పు.

ఆర్డిస్


మీసా
ఆగస్టు 5

ఆర్డిస్‌కు,

వచ్చే గురువారం బస్సు. తుంటి నొప్పితో మూడు రోజులు కూర్చోవాలి, అయినా వస్తున్నాను. రెండు వారాలుంటాను. నువ్వు మంచం ఎక్కి పడుకో, నా తమ్ముణ్ణి నేను చూసుకుంటాను. చూసి నేర్చుకుందువు గాని.

థోరా


మీసా
సెప్టెంబరు 2

ఆర్డిస్‌కు,

ఉత్తరం ఆలస్యమైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను.

రెండు వారాలుంటానని వచ్చి వారానికే బస్సెక్కాను. తుంటి నొప్పి అన్నాను. నువ్వు తల ఊపావు, టిఫిన్ కట్టిచ్చావు, బస్టాండుకి తీసుకొచ్చావు. ఒక్క మాట అడగలేదు. నువ్వు అడిగి ఉంటే బాగుండేది. తుంటి నొప్పి నిజమే, కానీ దానికోసం కాదు. నేను పారిపోయాను.

వాడు మొదటి రోజు నన్ను అమ్మా అన్నాడు. నాకు బాగానే ఉంది, సంతోషం కూడా కలిగింది. మూడో రోజుకి నేనెవరో వాడికి తెలియలేదు. ఈ ముసలిదాన్ని ఇంట్లోంచి పంపెయ్యి అని నీతో చెప్పాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను. ఐదో రాత్రి వాడు గోడ దగ్గర నిలబడి బట్టల్లోనే తడుపుకున్నాడు. నేను అరిచాను. నా తమ్ముడి మీద! వాడు చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు. నువ్వు లేచి వచ్చి, ఏమీ అనకుండా, వాడికి పొడి బట్టలు వేసి, నేల తుడిచి, నాకు టీ పెట్టావు. వాడికి కాదు, నాకు. అప్పుడు నీ చేతులు చూశాను. నీ పెళ్ళి ఉంగరం వేలి మీద వదులైపోయి దారం చుట్టుకున్నావు. ఎంత చిక్కిపోయావో నాకు అప్పటిదాకా కనపడలేదు. నేను తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చాను గానీ నిన్ను చూడ్డానికి రాలేదు.

నేను ఒక వారం ఆగలేకపోయాను. నువ్వు రెండేళ్ళు చేశావు. అమ్మ పేరు ఇంక ఎత్తను.

వాణ్ణి ఆశ్రమంలో పెట్టు.

ఇది నా మాట. ఊళ్ళో అందరికీ ఇలాగే చెప్పు. థోరా పట్టుబట్టింది, నా మాట వినలేదు అని చెప్పు. చర్చిలో చెప్పు, మావిస్‌కి చెప్పు. ఎవరైనా ఏమన్నా అనుకుంటే నన్ను అనుకుంటారు. ఆ మాటలు అరిజోనాదాకా రావు, వచ్చినా నా చెవులకి ఎటూ సరిగ్గా వినపడవు. నువ్వు మాత్రం ఆ బరువు నెత్తిన పెట్టుకోకు. నీ నెత్తిన ఇప్పటికే చాలా ఉంది.

కాగితాల మీద అక్కగా నా సంతకం కావాలంటే పంపించు.

థోరా


నార్డ్‌బీ
నవంబరు 8

థోరా వదినకు,

అక్టోబరు ఆఖరి వారంలో హాల్వర్‌ని తీసుకెళ్ళాను. మావిస్ కారు నడిపింది. అతను వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా పశువుల దొడ్లు లెక్కపెట్టాడు, ఎవరింట్లో ఎన్ని ఆవులో చెప్పుకుంటూ. అన్నీ పాత లెక్కలు, ఇప్పుడు ఆ ఇళ్ళలో ఆవులే లేవు. నేను అన్నిటికీ ఊ కొట్టాను.

ఊళ్ళో ఎవరికీ నీ పేరు చెప్పలేదు. అడిగినవాళ్ళకి, "నాకు చాతకాలేదు, పెట్టాను," అన్నాను. నువ్వు రాసిన మాట చాలు నాకు, దాన్ని అడ్డం పెట్టుకోవలసిన పని లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అనరు కదా. గిన్నెలు మాత్రం ఇంకా వస్తున్నాయి. ఇప్పుడు తిడుతూ తీసుకోవడం లేదు, తీసుకుని తింటున్నాను.

మొదటి వారం రోజూ వెళ్ళాను. నిద్ర మాత్రం పట్టలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. చీకట్లో లేచి అలవాటుగా తలుపుల దగ్గరికి వెళ్ళేదాన్ని. వెళ్ళి ఏం చెయ్యాలో తెలియక నిలబడేదాన్ని. నేను తప్పు చేశానేమోనని నన్ను నేనే పొద్దస్తమానం ప్రశ్నించుకుంటూ కూర్చున్నాను. నీ ఉత్తరం తీసి చదువుకునేదాన్ని, అది చదివినంతసేపే ధైర్యం.

నిన్న ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీశారు, శుభ్రంగా ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా సగం లేచి, "రండి మేడమ్, కూర్చోండి," అన్నాడు. పరాయి ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు టోపీ తియ్యడానికి చెయ్యి పైకెత్తేవాడు, గుర్తుందా? అలాగే ఎత్తాడు. తల మీద టోపీ లేదు.

కూర్చున్నాను. నా పేరు చెబుదామా వద్దా అనుకుంటూ ఉండిపోయాను. అతనే కొంచెం ముందుకి వంగి, "మీరు ఊళ్ళోకి వెళ్తున్నారా?" అన్నాడు.

"వెళ్తున్నాను," అన్నాను.

"మా ఇల్లు దారిలోనే. తెల్ల ఇల్లు. మా ఆవిడ ఉంటుంది, ఆర్డిస్ అని," అన్నాడు. "తలుపు కొట్టకండి. పడుకుని ఉంటుంది. చాలా అలిసిపోయింది పాపం. ఎన్నాళ్ళనుంచో నిద్ర లేదు దానికి. ఎవరొచ్చినా లేపొద్దని చెప్పండి. నేను చెప్పానని చెప్పండి."

"అలాగే, లేపనివ్వను," అన్నాను.

ఇంటికి వచ్చాను. కోటు కూడా విప్పకుండా పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి తెల్లగా తెల్లారి ఉంది.

ఆర్డిస్